టైలర్ గారి మీటరు

రెండు ఆటలు పోయాయి. మొదటిది రెండు పాయింట్ల తేడాతో, రెండోది ఒక్క పాయింటుతో. మిగిలింది ఒక్కటే. మధ్యాహ్నం పన్నెండింటికి నీలం చొక్కాల జట్టుతో. అది కూడా పోతే సాయంత్రానికి పెట్టెలు సర్దుకుని విమానం ఎక్కడమే.

వీళ్ళ చొక్కాల వీపు మీద దేశం పేరు రాసి ఉంది గానీ, నిజానికి అదొక వీధి జట్టు. గేట్‌బాల్ అనే ఆట వీళ్ళ దేశం మొత్తం మీద ఆడేది ఆ ఒక్క వీధిలోనే. మూతపడిన మిల్లు వెనక ఖాళీ జాగాలో పదకొండేళ్ళ క్రితం టైలర్ గారు రూల్సు పుస్తకం చేతబట్టుకుని మైదానం కొలిచారు, సున్నంతో గీతలు గీశారు. వడ్రంగి సుత్తులు చేశాడు. రిటైరైన నర్సమ్మ, బస్సు కండక్టర్, పోస్ట్‌మాన్ చేరారు. అలా ఐదుగురయ్యారు. ఆరో మనిషి టైలర్ గారి కోడలు. బడిలో లెక్కలు చెబుతుంది, ఇక్కడ పాయింట్ల పుస్తకం రాస్తుంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆడాలి. ఐదేళ్ళుగా ఎవరికీ ఒంట్లో బాగోకపోవడమనేది జరగలేదు.

పేరు కొత్తగా ఉంటుంది గానీ ఆట అర్థం కానిదేమీ కాదు. మనిషికో బంతి, చేతిలో పొడుగు కర్రకి బిగించిన సుత్తి. ఒక జట్టుకి బేసి నంబర్లు, ఇంకో జట్టుకి సరి నంబర్లు, వంతులు ఒకటి నుంచి పది దాకా వరసగా. నేలలో పాతిన మూడు చిన్న గేట్లలోంచి బంతిని వరసగా, గేటుకో పాయింటు లెక్కన, పోనిచ్చి, చివరికి మధ్యలో ఉన్న గుంజకి తాకించాలి. వంతు వచ్చినవాళ్ళు పది సెకన్లలో కొట్టాలి. బంతి తెల్ల గీత దాటి బయటికి పోయిందా, తర్వాతి వంతు దాన్ని లోపలికి తెచ్చుకోవడానికే సరిపోతుంది.

రెండు ఆటల్లో కలిపి పోస్ట్‌మాన్ బంతి తొమ్మిదిసార్లు గీత దాటింది. చెయ్యి వణుకుతోందనుకున్నారు అందరూ.

ఆ పొద్దున టీ గ్లాసు కింద పెడుతూ, ఎవరి మొహమూ చూడకుండా టైలర్ గారు చెప్పారు. "ఏడో నంబరు మా కోడలు ఆడుతుంది."

ఏడో నంబరు పోస్ట్‌మాన్‌ది. ఆయన "సరే" అన్నారు. అంతే. మిగతావాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఆయన కళ్ళ సంగతి అందరికీ తెలుసు. కంటి నరం ఎండిపోతోందనీ, వచ్చే ఏడాదికి వెలుతురు తప్ప ఏమీ తెలియదనీ డాక్టర్ చెప్పి ఆర్నెల్లయింది. ఇప్పటికే పదడుగుల అవతల బంతులు ఆయనకి రంగు మరకలు. అయినా ఆడగలిగేవారంటే ఒకటే కారణం. నాయకుడు టైలర్ గారు వెనక నిలబడి కర్రని దిక్కుకి తిప్పి, దూరం చెప్పేవారు. "ఏడు మీటర్లు" అంటే బంతి ఏడు మీటర్లు పోయి ఆగేది. "పదకొండున్నర" అంటే పదకొండున్నర. ముప్పై అయిదేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఇంటి నంబరు చూడకుండా అడుగుల లెక్కతో గుమ్మాలు ఎక్కిన మనిషి. చూపు పోతున్నకొద్దీ దూరం ఆయన చేతిలోకి దిగింది. గీతకి జానెడు ఇవతల బంతిని ఆపమంటే ఆ వీధిలో ఇంకెవరి వల్లా అయ్యేది కాదు.

ఇది ఆయన జీవితంలో ఆఖరి పోటీ. దేశాన్ని ముంచినవాడు అనిపించుకుని ఇంటికి పోవడమా, కాదా అన్నది ఈ ఒక్క ఆటతో తేలిపోతుంది. ఆడకుండా బెంచీ మీద కూర్చుంటే మాత్రం తేలడానికి ఏమీ లేదు. ముంచినవాడే.

*

గ్యాలరీ కింద జట్లకి ఇచ్చిన గదులు వరసగా ఉన్నాయి. వీళ్ళది చివరిది. ఒక పొడుగు బెంచీ, ఆరు ఇనప అల్మరాలు, మూలలో చేతులు కడుక్కునే తొట్టి. పైన జనం నడుస్తుంటే కప్పు దడదడలాడుతోంది. గోడ గడియారం పదకొండు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఆడేవాళ్ళ జాబితా పదకొండున్నరకి బల్ల దగ్గర ఇచ్చేయాలి.

కోడలు ఏడో నంబరు గుడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చొక్కా మీద కట్టుకునే నంబరు అది. పోస్ట్‌మాన్ దాన్ని నాలుగు మడతలు పెట్టి, "నాడా కొంచెం చిరిగిందమ్మా, చూసుకో" అని చేతికిచ్చి వెళ్ళారు. ఆమెకి కళ్ళెత్తి ఆయన్ని చూడడానికి ధైర్యం చాలలేదు. ఎందుకంటే ఆ గుడ్డ చేతిలో పడగానే ముందు కలిగింది సంతోషం. ఐదేళ్ళు పుస్తకం రాసిన మనిషి, ఒక్కసారైనా ఆడాలని అనుకోదా. అనుకుంది. ఆ అనుకోవడం ఇలా తీరుతుందని అనుకోలేదు.

తలుపు తట్టి రిఫరీ లోపలికి వచ్చింది. పొడుగాటి మనిషి, మెడలో విజిల్, చేతిలో ఉక్కు స్కేలు. వెనకే ఇంకొకాయన వీళ్ళ ఐదు కర్రలూ మోసుకొచ్చి బెంచీ మీద పెట్టాడు. ఆఖరి ఆటకి ముందు అందరి సామాన్లూ కొలుస్తున్నారు. రిఫరీ ఏదో చెప్పింది. ఆ భాష ఎవరికీ రాదు. అది గమనించి ఆమె సుత్తి తల పక్కన స్కేలు పెట్టి, బొటనవేలితో ఒక గీత చూపించింది. తర్వాత గోడ మీద అంటించిన రూల్సు బొమ్మ చూపించింది. సుత్తి తల పొడవు ఇరవై నాలుగు సెంటీమీటర్లు దాటకూడదు. ఇది ఇరవై నాలుగూ పాయింట్ ఆరు.

"తీసుకురా ఇటు" అన్నాడు వడ్రంగి లేచి. "నేను కోసింది ఇరవై నాలుగంటే ఇరవై నాలుగే. వెంట్రుకవాసి కూడా తేడా రాదు."

రిఫరీ రెండో సుత్తికి పెట్టింది. ఇరవై నాలుగూ పాయింట్ ఆరు. మూడోది, నాలుగోది, ఐదోది. అన్నీ అంతే. ఆమె చెయ్యి తిప్పి రంపం కోస్తున్నట్టు సైగ చేసి, గడియారం వైపు వేలు చూపించింది.

"కోసుకోమంటోంది" అన్నాడు కండక్టర్. "మన వడ్రంగి పెట్టెలో రంపం పెట్టుకుని దేశాలు దాటొచ్చినందుకు నిన్నంతా నవ్వాం. ఎవరు నవ్వారో వాళ్ళు ఇప్పుడు సుత్తి పట్టుకోండి."

నర్సమ్మ, కండక్టర్ సుత్తి చెరో పక్కా అదిమిపట్టుకున్నారు. వడ్రంగి అవమానంతో ఎర్రబడిన మొహంతో రంపం తీశాడు. కోత చప్పుడు గది నిండా నిండింది. కోడలు మాత్రం స్కేలు వంకే చూస్తోంది. బడిలో పిల్లలు లెక్క తప్పితే తలో రకంగా తప్పుతారు. నలభై మందీ ఒకే తప్పు చేశారంటే తప్పు నల్లబల్ల మీద ఉంటుంది. ఐదు సుత్తులు, చేత్తో కోసినవి, ఐదూ సరిగ్గా ఆరు మిల్లీమీటర్లే ఎక్కువ.

"అన్నా" అంది వడ్రంగితో. "వీటిని ఏ టేపుతో కొలిచి కోశావు?"

"ఇంకే టేపు? మీ మామ టేపు." రంపం ఆపలేదు. "నా ఇనప టేపు ముట్టుకోనివ్వలేదుగా. మైదానం కొలిచిన రోజున నా టేపుకీ ఆయన టేపుకీ గీతలు కలవలేదు. రెండు టేపులుంటే రెండు ఆటలవుతాయి, అన్నీ ఒక్క టేపుతోనే జరగాలి అన్నాడు. గీతలు, గేట్లు, సుత్తులు, అన్నీ."

ఆమె రిఫరీ వైపు తిరిగి స్కేలు కావాలన్నట్టు చెయ్యి చాపింది. రిఫరీ ఒక్క క్షణం ఆగి, ఇచ్చి వెళ్ళింది.

పాయింట్ల పుస్తకం తెరిచింది. ఎవరూ అడక్కపోయినా బయటికి పోయిన ప్రతి బంతీ గీతకి ఎంత దూరంలో ఆగిందో పక్కన రాయడం ఆమెకి అలవాటు. పోస్ట్‌మాన్ పేజీలో తొమ్మిది అంకెలున్నాయి. పన్నెండు. పద్నాలుగు. పదకొండు. పదమూడు. పన్నెండు. మళ్ళీ పన్నెండు. అన్నీ సెంటీమీటర్లు, అన్నీ సగం జానెడుకి కాస్త పైన. వణికే చెయ్యి కొట్టిన బంతి ఒకసారి లోపల ఆగుతుంది, ఒకసారి బారెడు అవతల పడుతుంది. ఇవి తొమ్మిదీ ఒక చోటికి ఉత్తరం వేసినట్టు పడ్డాయి.

పుస్తకం మూసేసి, అలాగే కూర్చుంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. పన్నెండింటికి ఏడో నంబరు కట్టుకుని మైదానంలోకి దిగొచ్చు. తనకి కళ్ళున్నాయి, గీత కనబడుతుంది, చూసి కొట్టుకోవచ్చు. గడియారంలో పెద్ద ముల్లు రెండు గడులు జరిగేదాకా అలాగే కూర్చుంది. ఆ రెండు నిమిషాలు తర్వాత ఎన్నేళ్ళయినా ఆమె మరిచిపోలేదు.

అప్పుడు లేచింది.

*

టైలర్ గారు వరండాలో కిటికీ పక్కన నిలబడి జాబితా రాస్తున్నారు. మెడలో టేపు వేలాడుతోంది. పసుపు రంగు ఎప్పుడో పోయి గుడ్డ రంగులోకి వచ్చిన టేపు. ముప్పై ఏళ్ళుగా అది ఆయన మెడ దిగింది నిద్రపోయేటప్పుడే.

"మామయ్యా, ఆ టేపు ఒకసారి ఇస్తారా?"

"ఎందుకు?"

"స్కేలు పక్కన పెట్టి చూడాలి."

ఆయన కలం ఆపారు. ఆమె చేతిలోని ఉక్కు స్కేలు చూశారు. లోపల నుంచి రంపం చప్పుడు విన్నారు. మనిషి తెలివితక్కువవారు కాదు. అడగకముందే ఆమె ఎక్కడికి వస్తోందో అర్థమైంది.

"ముప్పై ఏళ్ళమ్మా" అన్నారు. "ఈ టేపుతో కుట్టిన చొక్కా ఒక్కటి వెనక్కి రాలేదు. ఊళ్ళో ఎవరినైనా అడుగు."

"రాదు మామయ్యా. ఒంటి కొలత తీసేది దీంతోనే, గుడ్డ కత్తిరించేది దీంతోనే. టేపు ఎంత సాగినా చొక్కా సరిపోతుంది. వేరే చోట ఎవరో కొలిచి రాసిన చీటీ పట్టుకొస్తే తప్ప."

ఒకసారి అలా జరిగింది. ఎవరో పెద్దమనిషి చీటీ మీద కొలతలు రాసి పంపితే ప్యాంటు నేల మీద జీరాడింది. చీటీ రాసినవాడికి కొలవడం రాదని ఆయన వారం రోజులు తిట్టారు. ఇద్దరికీ అది ఒకేసారి గుర్తొచ్చింది.

టేపు తీసి ఆమె చేతిలో పెట్టలేదు. మెడలోనే ఉంచుకుని, ఒక కొస పట్టుకుని చాపారు. కిటికీ గట్టు మీద ఆమె స్కేలు పెట్టింది. సున్నా దగ్గర సున్నా. ఇరవై నాలుగు దగ్గర ఇరవై నాలుగూ పాయింట్ ఆరు.

"మీటరుకి రెండున్నర సెంటీమీటర్లు సాగింది" అంది ఆమె. గొంతు తగ్గించింది గానీ మాట మింగలేదు. "మన మైదానం అడ్డం పదిహేను మీటర్లనుకుంటున్నాం. అది పదిహేనూ ముప్పై ఏడున్నర. నిలువు ఇరవై కాదు, ఇరవైన్నర. పదకొండేళ్ళుగా మనం పెద్ద మైదానంలో ఆడుతున్నాం మామయ్యా. ఇక్కడికొచ్చి చిన్నదాంట్లో కొడుతున్నాం."

"అయితే అందరి బంతులూ బయటికి పోవాలి."

"మొదట పోయాయి. నర్సమ్మవి రెండు, వడ్రంగన్నది ఒకటి, మీవి రెండు. తర్వాత కంటితో చూసి తగ్గించుకున్నారు. పోస్ట్‌మాన్ బాబాయ్ చూడలేడు. మీరు రూల్సు పుస్తకం కొలతల లెక్కన దూరం చెబుతారు. ఆయన చేతికి తెలిసింది మన వీధి మీటరు."

టైలర్ గారు కిటికీలోంచి మైదానం వైపు చూశారు. నీలం చొక్కాలవాళ్ళు అప్పుడే వచ్చి గేట్లు సరిచూసుకుంటున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." ఆయన జాబితాని రెండుగా మడిచారు. "ఇప్పుడు అరగంటలో ఏం మారుతుంది? నువ్వన్నదే నిజమనుకో. నీకు కళ్ళున్నాయి. నువ్వు ఆడితే టేపు ఎంతుంటే ఏమిటి? గీత చూసుకుని కొడతావు. గెలిచే దారి అదేగా. గెలవడానికి వచ్చాం మనం."

అది తప్పు మాట కాదు. అదే ఆమెకి కష్టమైంది.

"గెలుస్తామేమో" అంది. "బాబాయ్ మాత్రం చెయ్యి వణికి జట్టుని ముంచినవాడిగా ఇంటికి వెళతాడు. ఆయనకి ఇంకో పోటీ లేదు."

"నన్నేం చెయ్యమంటావు? వాడి ముందు నిలబడి, ఒరే, తప్పు నాది అని చెప్పమంటావా? ఆట మొదలయ్యే ముందా? నా మాట మీద నిలబడిన జట్టు ఇది. నా మాటే తప్పని తెలిస్తే ఐదుగురూ ఏ మాట మీద నిలబడతారు?"

పెళ్ళయిన మూడో నెలలో, కుట్టుమిషను ముందు కూర్చుని తల ఎత్తకుండానే, "ఇంకా చదువుకోవాలని ఉందా నీకు" అని అడిగింది ఈయనే. ఉందంటే కాలేజీ దాకా సైకిలు మీద దింపి, ఆమె తిరిగి వచ్చేదాకా ఎదురుచూసింది ఈయనే. ఆ ఇంట్లోనే కాదు, పుట్టింట్లో కూడా డిగ్రీ మొహం చూసింది ఆమె ఒక్కతే. ఆ చదువుతో వచ్చిన లెక్కని తీసుకొచ్చి ఇప్పుడు ఆయన మెడ మీద పెట్టింది.

"ఏం తప్పు?"

ఇద్దరూ తిరిగారు. పోస్ట్‌మాన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మొహం కడుక్కున్నారు, తుడుచుకోలేదు. లోపల రంపం ఎప్పుడో ఆగిపోయింది. ఆయన వెనక వడ్రంగి, నర్సమ్మ, కండక్టర్.

"కళ్ళు పోతున్నాయి గానీ చెవులు పోలేదురా" అన్నారు పోస్ట్‌మాన్. "ఏ మీటరు అది? మన వీధి మీటరేమిటి?"

కోడలే చెప్పింది. నాలుగు మాటల్లో, బడిలో చెప్పినట్టు.

ముందు నోరు తెరిచింది వడ్రంగి. "అన్నా, ఆ రోజే చెప్పాను నేను. నీ టేపు కుర్చీలకి పనికొస్తుంది, మనుషులకి పనికిరాదన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

"గట్టిగా చెప్పొచ్చుగా" అన్నారు టైలర్ గారు.

"నీకు గట్టిగా చెప్పినవాడు ఎవడన్నా ఉన్నాడా ఇంతవరకు?"

"మీ కోడలు చెప్పిందిగా ఇప్పుడు" అంది నర్సమ్మ. "టికెట్టు లేకుండా ఇంత దూరం వచ్చింది ఆ టేపొక్కటే. ఏమయ్యా కండక్టరూ, దింపేయకపోయావా?"

కండక్టర్ నవ్వలేదు. పోస్ట్‌మాన్ వైపు చూస్తున్నాడు. ఆయన కుడిచెయ్యి పైకెత్తి, కిటికీ వెలుతురులో, ముక్కుకి ఆనించేంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నారు.

"అయితే ఇది వణకలేదా?"

ఆయన వేళ్ళు ముడిచి విప్పారు.

"రెండు రోజులుగా దీన్నే చూసుకుంటున్నాను. టీ గ్లాసు పట్టుకుని చూశాను, గుండీలు పెట్టుకుని చూశాను. బాగానే ఉన్నట్టుంది, మరి అక్కడికెళ్ళేసరికి ఎందుకలా అవుతోందో తెలియలేదు. కళ్ళతోపాటు చెయ్యి కూడా పోయిందనుకున్నాను. ఇక నా దగ్గర ఏముంది, కాళ్ళు తప్ప అనుకున్నాను." ఆయన చెయ్యి దించి టైలర్ గారికి ఎదురుగా వచ్చారు. పక్కపక్క వీధుల్లో పుట్టి ఒకే బడిలో దెబ్బలు తిన్న మనుషులు. "ఒరే. ఒక్కటి చెప్పు. నువ్వు ఎంత దూరం చెబితే అంత దూరమే కొట్టానా, లేదా?"

టైలర్ గారు టేపు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నారు.

"కొట్టావు" అన్నారు.

"తొమ్మిదిసార్లూ?"

"తొమ్మిదిసార్లూ."

పోస్ట్‌మాన్ తల ఊపారు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. మొహం మీద నీళ్ళు ఇప్పుడు తుడుచుకున్నారు.

టైలర్ గారు జాబితా మడత విప్పారు. అది గోడకి ఆనించి పెట్టి, రెండు పేర్లు అడ్డంగా కొట్టేశారు. వాటి చోట వేరేవి రాశారు. ఎవరికీ చూపించలేదు. పదకొండూ ఇరవై ఎనిమిదికి తనే నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళారు. టేపు కిటికీ గట్టు మీద వదిలేశారు.

"మళ్ళీ ఏం చేశాడో" అంది నర్సమ్మ.

*

నాయకుడికి కట్టే పట్టీ పట్టుకుని రిఫరీ వచ్చినప్పుడు తెలిసింది. ఆమె వేలితో చూపిస్తే కోడలు జాబితా చదివింది. ఏడో నంబరు పోస్ట్‌మాన్. ఒకటో నంబరు, నాయకుడి స్థానం, తను. టైలర్ గారి పేరు ఎక్కడా లేదు. ఒంట్లో బాగోకపోతే ఆడే మనిషిగా కూడా లేదు. ఉన్నవాళ్ళు ఐదుగురే. జాబితాలో లేనివాళ్ళు మైదానం పక్కన కూర్చోకూడదు, పైన జనంలో కూర్చోవాలి. అక్కడి నుంచి ఆటగాడికి సలహాగా ఒక్క మాట వినబడినా ఆ వంతు రద్దవుతుంది.

"అలిగాడా?" అన్నాడు వడ్రంగి.

"అలక కాదు" అంది కోడలు. ఏమిటో ఆమెకీ తెలియదు. శిక్ష వేసుకున్నారో, పారిపోయారో, దారి ఇచ్చారో. ఆలోచించే వ్యవధి లేదు. కండక్టర్ ఆమె చేతికి పట్టీ కట్టి, "పోదాం, తోసుకోకండి, అందరికీ చోటుంది" అన్నాడు.

ఆమె మైదానంలోకి వెళ్ళే ముందు ఉక్కు స్కేలుతో తన అడుగు కొలుచుకుంది. అరవై సెంటీమీటర్లు.

మొదటి చుట్టు బాగానే జరిగింది. అందరూ మొదటి గేటు దాటారు. పోస్ట్‌మాన్ కూడా. అది దగ్గర దెబ్బ, పిలుపు అక్కర్లేదు, కర్ర దిక్కుకి తిప్పితే చాలు. కోసిన సుత్తులు చేతికి తేలిగ్గా ఉన్నాయని వడ్రంగి గొణిగాడు. నీలం చొక్కాలవాళ్ళు తొందరపడలేదు. ఒక్కొక్క బంతినీ మేకు కొట్టినట్టు కావలసిన చోట ఆపుకుంటూ వెళ్ళారు. రెండో చుట్టులో వాళ్ళ నాలుగో నంబరు రెండో గేటు దాటింది, వెనకే ఆరో నంబరు. వాళ్ళకి ఏడు, వీళ్ళకి ఐదు. వాళ్ళ బంతులు రెండు రెండో గేటుకి కాపలా కాస్తున్నాయి. ఇక దారి ఒక్కటే. పోస్ట్‌మాన్ బంతి గీత వెంట పోయి, గేటు పక్కన గీతకి జానెడు ఇవతల ఆగాలి. అది అక్కడ ఉంటే తర్వాత వచ్చే నర్సమ్మ దానికి తన బంతి తాకించి, అందుకు దక్కే అదనపు దెబ్బతో కాపలాని చెదరగొట్టొచ్చు. కాస్త తక్కువైతే వాళ్ళ బంతి దాన్ని ఊడ్చేస్తుంది. కాస్త ఎక్కువైతే పదో బయటి బంతి.

"ఏడు" అని పిలిచింది రిఫరీ.

పోస్ట్‌మాన్ తన బంతి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కోడలు అప్పటికే గీత వెంట నడిచి వచ్చింది. పద్నాలుగు అడుగులు. అంటే ఎనిమిదీ నలభై. జానెడు ఇవతల అంటే ఎనిమిదీ ఇరవై. మామయ్య మీటర్లలో సరిగ్గా ఎనిమిది. లెక్క రెండుసార్లు చూసుకుంది. తప్పు లేదు. ఆయన వెనక చేరి కర్రని దిక్కుకి తిప్పింది.

"బాబాయ్, ఎనిమిది."

సుత్తి వెనక్కి లేచింది. సగంలో ఆగింది. మళ్ళీ కిందికి దిగి బంతి వెనక నేలకి ఆనింది.

"ఎనిమిది బాబాయ్."

"తెలుసమ్మా" అన్నారు పోస్ట్‌మాన్, పెదవులు కదపకుండా. "నువ్వు చెప్పింది సరే అయ్యుంటుంది. చెయ్యి లేవడం లేదు. అది వాడి గొంతుకి కదిలే చెయ్యి. వాణ్ణి చెప్పమను."

"ఆయన చెప్పకూడదు బాబాయ్. జాబితాలో లేరు. నోరు తెరిస్తే వంతు పోతుంది."

రిఫరీ చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టింది. సగం సమయం అయిపోయింది. మైదానం అంచున నర్సమ్మ సుత్తి కర్రని రెండు చేతుల్తో పిసుకుతోంది. కండక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టండి బాబాయ్. ఎంతైనా సరే, కొట్టండి."

"ఎంతైనా సరే అని కొట్టలేదమ్మా ఎప్పుడూ."

మూడు సెకన్లు. కోడలు తల పైకెత్తింది. గ్యాలరీలో, మెట్ల మూడో వరసలో, చుట్టూ ఉన్నవాళ్ళని తోసుకుంటూ ఒక మనిషి లేచి నిలబడుతున్నాడు. మెడలో టేపు లేదు. అందుకే ఒక్క క్షణం ఆమె పోల్చుకోలేకపోయింది. ఆయన రెండు చేతులూ కటకటాల మీద వేసి ముందుకి వంగారు. వద్దని ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమె వైపు చూడడం లేదు. కింద, బంతి దగ్గర, చెవి ఒకవైపుకి వంచి ఎదురుచూస్తున్న మనిషిని చూస్తున్నారు.

రెండు సెకన్లు.

టైలర్ గారు నోరు తెరిచారు.